నెలకు ఆరుసార్లు చెప్పిన మాట

నేను లెక్కల మాష్టర్ని. ముప్ఫైమూడేళ్ళు జిల్లా పరిషత్తు బళ్ళలో పిల్లలచేత ఎక్కాలు వల్లె వేయించి, ఇప్పుడు పింఛను తీసుకుంటూ కాలక్షేపం చేస్తున్నాను. అందుచేత బైబిలు చేతపట్టినా నాకు ముందు కనిపించింది లెక్కే. పుస్తకాలు 66. అధ్యాయాలు 1,189. అందులో పాత నిబంధనవి 929, కొత్త నిబంధనవి 260. రోజుకు మూడు, ఆదివారంనాడు అయిదు చొప్పున చదివితే ఏడాది తిరిగేసరికి గ్రంథం పూర్తయి, ఇంకా రెండు మూడు రోజులు మిగులుతాయి. ఇక సామెతల గ్రంథంలో అధ్యాయాలు 31. నెలకూ దానికీ ఎవరో కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. ఇవాళ తేదీ ఎంతయితే అధ్యాయం అంత.

ఈ రెండు పద్ధతులూ కలిపి నేను 1983 జనవరి 1 నుంచి ప్రారంభించాను. ఒక నోటుబుక్కులో గళ్ళు గీసి, చదివిన అధ్యాయానికల్లా ఎర్రసిరాతో టిక్కు పెట్టేవాణ్ణి. సాయంత్రం ఆ టిక్కులు చూసుకుంటే, పరీక్షపేపర్లు దిద్ది కట్ట కట్టినంత తృప్తిగా ఉండేది.

"ఇన్నేళ్ళు చదివారు గదా, మీకేం ఒరిగిందండీ?" అని ఎవరైనా అడిగితే, నేను చెప్పగలిగింది ఒక్క మాట గురించే. ఆ మాట కథ చెబుతాను.

అంతకుముందు మా అమ్మ సంగతి కొంచెం చెప్పాలి. మాది బాపట్ల దగ్గర ఒక పల్లె. ఊరి చివర మా పేట, పేట మధ్య పెంకుటింటి గుడి, గుడి ముందు వేపచెట్టుకు గంటకు బదులు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. మా అమ్మకు అక్షరం ముక్క రాదు. నాట్లకూ కలుపులకూ పోయేది. నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. నాకు కూడబలుక్కుని చదవటం వచ్చిన నాటినుంచి, రాత్రి అన్నాలు తిన్నాక బుడ్డిదీపం ముందు కూర్చోబెట్టి ఒక అధ్యాయం చదివించేది. నిద్ర ముంచుకొచ్చి నాలుగు వచనాలు దాటేశానంటే పట్టేసేది.

"నిన్న యోసేపును గుంటలో పడేసి నిద్రపోయావు. ఇయ్యాల గుంటలోంచి తియ్యకుండానే ఐగుప్తుకు తీసకపోతున్నావేందిరా?"

వినటం ఆమెకు వచ్చినంతగా చదవటం నాకు రాలేదు. ఇది వినయంకొద్దీ అంటున్న మాట కాదు. ముందు ముందు మీకే తెలుస్తుంది.

1986 జనవరిలో మా బళ్ళో పనిచేసే ఒక ఉపాధ్యాయుడు నా దగ్గరకు వచ్చాడు. మంచి స్నేహితుడు. ఒకే సైకిలు మీద బడికి వెళ్ళిన రోజులున్నాయి. ఉద్యోగుల సహకార సంఘంలో పదివేల రూపాయలు అప్పు తీసుకుంటున్నాననీ, తోటి ఉద్యోగులు ఇద్దరు జామీను ఉండాలనీ చెప్పాడు. "మీరు కాకపోతే నాకెవరున్నారు మాష్టారూ" అన్నాడు. ఆ మాటకు కరగని మనిషి ఉంటాడా? అతను వేలు పెట్టి చూపించినచోటల్లా సంతకం చేశాను. పైన ఏం వ్రాసి ఉన్నదో చూడలేదు. చూస్తే స్నేహితుణ్ణి అనుమానించినట్టవుతుందని నా మొహమాటం. ఇంట్లో చెప్పనూ లేదు.

ఆనాటి తేదీ 6. తేదీ ఎందుకు జ్ఞాపకమో తరువాత చెబుతాను.

ఏడాదిపాటు వాయిదాలు సక్రమంగానే కట్టాడు. ఆ తరువాత సెలవు పెట్టి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. రెండో జామీనుదారు అప్పటికే పదవీ విరమణ చేసి ఎక్కడికో వెళ్ళిపోయాడు. 1987 ఏప్రిల్ జీతంలో 310 రూపాయలు కోసి మిగతాది నా చేతిలో పెట్టారు. నా జీతం అప్పటికి పదిహేను వందలు దాటలేదు. మా ఆవిడ అడిగితే "ఏవో పాత బకాయిలు" అన్నాను. రోజూ బైబిలు చదివే మనిషి ఇంట్లో మొదటి అబద్ధం అది. పెద్దపిల్ల పదో తరగతి ట్యూషను మాన్పించాను. పాలు సగం చేశాం. ఆ కోతకు ఇంకా మూడేళ్ళ ఆయుష్షు ఉందని నాకొక్కడికే తెలుసు.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి, కొందరు చేసినట్టు, కళ్ళు మూసుకుని బైబిలు తెరచి వేలు పెట్టి చూశాను, దేవుడేం జవాబు చెబుతాడో అని. వేలు దినవృత్తాంతములలో పడింది. ఆ పుస్తకంలో మొదటి తొమ్మిది అధ్యాయాలూ ఎవరికి ఎవరు పుట్టారో చెప్పే వంశావళులే. నా అప్పు సంగతి వాళ్ళల్లో ఎవరికీ పట్టినట్టు లేదు. శకునం చూసే అలవాటు నాకు ఆ రాత్రితో సరి.

జూన్‌లో అమ్మ మా అక్కగారింటినుంచి మా ఇంటికి వచ్చేసింది. వచ్చిన నాలుగోరోజునుంచే మొదలుపెట్టింది. "నోట్లో నోట్లో గొణుక్కుంటావేందిరా? పైకి చదువు, నేనూ ఇంటాను" అని. ఆమె వసారాలో మంచం మీద కూర్చునేది. నేను గడప దగ్గర పీట వేసుకుని, బడికి వేళవుతున్నదని గబగబా చదివేవాణ్ణి.

జూలై 6, సోమవారం. ఆరో అధ్యాయం. ఆ అధ్యాయమంటే నాకు చీమలే. సోమరిపోతును చీమల దగ్గరకు వెళ్ళి బుద్ధి తెచ్చుకొమ్మని చెప్పే భాగం అందులోనే ఉన్నది. దాన్ని పిల్లలకు నేను ఎన్నిసార్లు పాఠంగా చెప్పానో లెక్కలేదు. చీమలకు ముందు అయిదు వచనాలున్నాయి. వాటిని దాటుకుంటూ పోతున్నాను.

"ఆగరా" అంది అమ్మ. "మళ్ళీ చదువు, ఆ పూటపడే మాట."

చదివాను.

"మా నాయన చేసిన పనే ఇది" అంది. "మా పెదనాయన ఆసామి దగ్గర గింజలు అప్పు తీసుకుంటే, మా నాయన పూటపడ్డాడు. పెదనాయన కట్టలేకపోయాడు. మా పాడిగేదెను తోలకపోయారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళుంటాయేమో. దూడ మూడురోజులు అరిచింది."

నా నోట మాట రాలేదు. "పూటపడటమంటే అదా?" అన్నాను చివరకు.

"మరేందనుకున్నావు? అప్పుకు జామీనుండటం. పెద్ద సదువులు సదివావు, నీకు తెలవదా?"

నిజంగా తెలియదు. 'పూట' అంటే నాకు తెలిసిన అర్థాలు రెండే. ఉదయం పూట, సాయంత్రం పూట. తినే పూట, పస్తుండే పూట. 'పూటపడటం' అన్నది ఏదో గ్రాంథికపు మాట, భోజనాలకో దినాలకో సంబంధించినది కాబోలని దాటుకుంటూ పోయాను. ఆరోజు బళ్ళో నిఘంటువు తీసి చూశాను. ఉన్నది. పూట అంటే జామీను, పూచీ. పూటకాపు అంటే జామీనుదారు.

ఇక లెక్కల మాష్టర్ని గనక లెక్క వేయకుండా ఉండలేకపోయాను. సామెతల గ్రంథంలో ఈ హెచ్చరిక ఒకచోట కాదు, ఆరు అధ్యాయాల్లో ఉన్నది: 6, 11, 17, 20, 22, 27. ఒకచోట తెలివితక్కువవాడే ఆ పని చేస్తాడంటుంది. ఇంకొకచోట, కట్టలేకపోయిననాడు నువ్వు పడుకున్న పరుపు కూడా లాక్కుపోతారు సుమా అంటుంది. 27వ తేదీ లేని నెల లేదు. అంటే నెలకు ఆరుసార్లు. 1983 జనవరినుంచి 1985 డిసెంబరుదాకా 36 నెలలు. 216 సార్లు. సంతకం పెట్టిన రోజు ఉదయం చదివినదానితో 217. అన్నింటికీ ఎర్రసిరాతో టిక్కులున్నాయి.

రెండువందల పదిహేడుసార్లు చెప్పించుకున్నవాడు ఇక ఆ సంతకానికి ఎవరిని తప్పుపట్టగలడు?

తెలుగు బైబిలు చరిత్ర తెలిసినవారికి ఇందులో వింత కనిపించదు. 1730 ప్రాంతాల్లోనే మద్రాసులో ఉన్న షుల్జ్ అనే జర్మను పాద్రీ బైబిలును తెలుగు చేశాడు గాని, అది అచ్చుకాలేదు. తరువాత 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డిగ్రాంజెస్ అనే లండను మిషనువారు, ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుణ్ణి పక్కన పెట్టుకుని పని సాగించారు. వారి కృషి ఫలితమైన సువార్తలు 1812లో శ్రీరామపురంలో అచ్చయ్యాయి. దరిమిలా వచ్చినవారు తిరిగి తిరిగి దిద్దుతూ వచ్చారు. అప్పటి తెలుగులో పూటపడటం పుస్తకాలకే పరిమితమైన మాట కాదు, అప్పులు నడిచే ఊళ్ళల్లో నలిగిన మాట. గేదెను పోగొట్టుకున్నవాళ్ళ నోట అది మిగిలింది. సహకార సంఘంలో కాగితం మీద సంతకాలు చేసిన మాబోటివాళ్ళ నోట పోయింది. ఇప్పుడు సులభమైన తెలుగులో కొత్త అనువాదాలు వచ్చాయి, మంచిదే. ఐతే నాకు బుద్ధి చెప్పింది మటుకు ఆ పాత మాటే.

అమ్మకు అంతా చెప్పేశాను. మా ఆవిడ వంటింట్లోంచి వింటూనే ఉన్నది. ఆమె ఏమీ అనలేదు. ఆ సాయంత్రం నాకు అన్నం పెట్టి, తను మాత్రం తినకుండా లేచింది. అబద్ధానికి ఆమె విధించిన శిక్ష అంతే. మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు.

"చిక్కుకుంటే ఏం చెయ్యమన్నాడు? అది కూడా ఉందిగా అక్కడ?" అంది అమ్మ.

ఉన్నది. వేటగాడి చేతిలోంచి లేడి తప్పించుకున్నట్టు తప్పించుకొమ్మనీ, కునుకు తీయకుండా వెళ్ళి ఆ స్నేహితుణ్ణి బతిమాలి వెంటబడమనీ ఉన్నది. నేను మూడునెలలుగా చేసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. అడిగితే అతని పరువు పోతుందనీ, నా పెద్దరికం పోతుందనీ కదలకుండా కూర్చున్నాను.

"రేపటేలకు లేచి పో" అంది.

మర్నాడు సెలవుచీటీ పంపి, పాసింజరు బండెక్కి ఒంగోలు వెళ్ళాను. అత్తవారింట ఉన్నాడని ఎవరో చెప్పారు. ఒక పొగాకు వ్యాపారి కొట్టులో లెక్కలు వ్రాస్తూ కనిపించాడు. గెడ్డం మాసి, మనిషి సగమయ్యాడు. నన్ను చూడగానే లేచి నిలబడి, కుర్చీలో కూర్చోమని అనటం కూడా మరచిపోయాడు. దార్లో నేను కూడబెట్టుకున్న కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. విషయం ఏమిటంటే, పదివేలూ అతను తిన్నది కాదు. తమ్ముడి వ్యాపారానికి ఎవరి దగ్గరో ప్రామిసరీ నోటుమీద హామీ సంతకం పెట్టాడు. తమ్ముడు చేతులెత్తేస్తే, ఆ అప్పు తీర్చటానికి ఈ అప్పు చేశాడు. అతనూ పూటపడినవాడే!

నెలనెలా 150 రూపాయలు మనియార్డరు చేస్తానని కొట్టు గుమ్మంలో మాట ఇచ్చాడు. పందొమ్మిది నెలలు పంపాడు. తరువాత ఆగిపోయింది. మిగతాది నాకు నష్టమే. కాని మూడునెలల కిందటే వెళ్ళివుంటే ఇంకొంచెం రాబట్టేవాణ్ణని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఇంత చిన్న లోకజ్ఞానం చెప్పటానికి దేవుడు దిగిరావాలా అని మీరనవచ్చు. నేనూ అనుకున్నాను. లోకజ్ఞానం లేక చెడినవాణ్ణి గనక, అది ఎవరు చెప్పినా కళ్ళకద్దుకుంటాను.

ఐతే ఆ మాట అక్కడితో నన్ను వదలలేదు.

ఎర్రసిరా టిక్కులు మానేశాను. నల్లపెన్సిలు పట్టుకుని, 'పూట' కనిపించినచోటల్లా అంచున గీత పెడుతూ చదవటం మొదలుపెట్టాను. ఇదివరకు పరుగెత్తి దాటినచోట్ల, లేవీయకాండంలోని కుష్ఠు నియమాల దగ్గరా సంఖ్యాకాండంలోని జనాభా లెక్కల దగ్గరా కూడా, నెమ్మదించాను. (లెక్కల మాష్టరుకు సంఖ్యాకాండం రుచించకపోవటం విచిత్రమే.)

మొదటి గీత ఆదికాండంలో పడింది. కరువులో ధాన్యానికి ఐగుప్తు వెళ్ళాలంటే చిన్నవాడైన బెన్యామీనును వెంటబెట్టుకు వెళ్ళాలి. తండ్రి యాకోబు పంపనంటాడు. పెద్దకొడుకు రూబేను, వాణ్ణి తిరిగి తీసుకురాకపోతే నా ఇద్దరు కొడుకుల్ని చంపుకో అంటాడు. తండ్రి వినడు. మనవల్ని చంపుకుని ఏ తాత సంతోషిస్తాడు? తరువాత యూదా వస్తాడు. అతను ఎవరినీ తాకట్టు పెట్టడు. నేనే పూటపడతాను, నన్ను అడుగు అంటాడు. తీరా ఐగుప్తులో వెండిగిన్నె బెన్యామీను గోనెలో దొరికినప్పుడు, వాడికి బదులు నేను దాసుడిగా ఉండిపోతానని అధికారి ముందు నిలబడతాడు.

అమ్మ ఊరుకుంటుందా? "యోసేపును అమ్మేద్దామన్నది ఈ యూదాయే గదరా? ఒక తమ్ముణ్ణి అమ్మినోడే ఇంకో తమ్ముడికి పూటపడ్డాడు" అంది.

నాకు తల తిరిగింది. సామెతలేమో పూటపడవద్దంటున్నాయి. ఇక్కడేమో పూటపడినందువల్లే ఒక కుటుంబం నిలబడింది. ఏది నిజం? మా అయ్యగారిని అడిగితే నవ్వి, "రెండూ చదవండి మాష్టారూ" అన్నారు. అప్పుడు చిరాకు వేసింది. యూదా తను ఏమిస్తున్నాడో తెలిసి ఇచ్చాడు. నేను తెలియక ఇచ్చాను. ఆ తేడా గ్రహించేసరికి నాకు చాలాకాలం పట్టింది.

రెండో గీత యోబులో. ఆస్తీ బిడ్డలూ పోయి, ఒళ్ళంతా కురుపులతో బూడిదలో కూర్చుని, ఆదరించవలసిన స్నేహితులే నేరం మోపుతుంటే, యోబు దేవుణ్ణే తన కొరకు పూటపడమంటాడు. తనను ఇంత దుస్థితికి తెచ్చింది దేవుడేనని అంతకుముందే వాదించిన మనిషి! అంటే ఎవరికి బాకీపడ్డాడో ఆయన్నే జామీను ఉండమంటున్నాడన్నమాట. ఏ సహకార సంఘమూ ఒప్పుకోని పద్ధతి ఇది. నేను పుస్తకం మూసి, ఆరోజు ఇక చదవలేదు.

మూడోది 119వ కీర్తనలో. 176 వచనాలున్న ఆ కీర్తన హెబ్రీ అక్షరాలు 22కూ, అక్షరానికి 8 వచనాల చొప్పున కట్టిన పొడుగుపాట. అందులో 122వ వచనంలో, గర్విష్ఠుల చేత బాధపడే సేవకుడొకడు అదే అడుగుతాడు.

నాలుగోది యెషయాలో. దానికి పెన్సిలు గీత లేదు.

1988 చివర మా ఆవిడకు కడుపులో గడ్డ లేచింది. గుంటూరులో ఒక ఆసుపత్రిలో చేర్చాను. కోత పోగా వచ్చే జీతం, మనియార్డరు మీద వచ్చే 150, చేబదుళ్ళు, మా అక్కగారి చేతిగాజులు. ఆపరేషను మర్నాడనగా ఆ రాత్రి వార్డు బయట బల్లమీద కూర్చున్నాను. డాక్టరు హామీ ఏమీ ఇవ్వలేనన్నాడు. హామీ! నిజాయితీపరుడు. ఇన్ని సంతకాలు పెట్టిన నాకు ఆ మాట ఎవరూ అంత నిక్కచ్చిగా చెప్పలేదు.

ప్రార్థన చేయబోతే నోరు పెగలలేదు. అలవాటుకొద్దీ ఆనాటి భాగం తీశాను. 38వ అధ్యాయం. హిజ్కియా రాజుకు జబ్బు చేసి, చావు తప్పదని ప్రవక్త చెప్పి వెళ్ళాడు. రాజు గోడవైపు తిరిగి ఏడ్చాడు. పిట్టలా కిచకిచలాడాననీ, గువ్వలా మూలిగాననీ తరువాత తనే వ్రాసుకున్నాడు. ఆ మూలుగు మధ్య అదే మాట: నా కొరకు పూటపడు.

పెన్సిలు జేబులోనే ఉన్నది. తీయలేకపోయాను. ఆ మాట పదిసార్లో పాతికసార్లో లోపల అనుకుంటూ కూర్చున్నాను. భయం పోలేదు. తెల్లవార్లూ చేతులు వణుకుతూనే ఉన్నాయి. కాని ఇంతవరకూ లోకంలో ఉన్న అప్పులన్నింటికీ నేనొక్కణ్ణే జామీనుదారునన్నట్టు మోస్తూ వచ్చిన బరువు, ఆ బల్లమీద ఇంకొకరు కూడా పట్టుకున్నట్టనిపించింది. ఇంతకంటె వివరంగా చెప్పటం నాకు చేతకాదు.

హిజ్కియాకు దేవుడు 15 ఏళ్ళు పొడిగించాడు. మా ఆవిడకు ముప్ఫై ఏళ్ళు దాటిపోయి ఇంకా నడుస్తున్నాయి. ఇదంతా చదివి, తన ఆపరేషను సంగతి పత్రికలకెక్కించానని కోప్పడటానికి ఓపిక కూడా ఉన్నది. ఐతే ఆ వార్డులోనే, మా పక్కమంచం ఆమెకు అలా జరగలేదు. ఆమె మనుషులూ ఆ రాత్రి నా పక్కనే కూర్చుని ప్రార్థించారు. అందుచేత, చదివితే బతుకుతారని నేను ఎవరితోనూ అనను.

కొత్త నిబంధనలో, హెబ్రీయులకు వ్రాసిన పత్రిక ఏడో అధ్యాయంలో, యేసునే పూటకాపు అన్నారు. ఆ వచనం అమ్మకు చదివి వినిపించిన రోజు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "మరి ఆయన గేదెనూ తోలకపోయుంటారు" అంది చివరకు. అమ్మ 1991లో పోయింది. వసారాలో ఆ మంచం ఇప్పటికీ ఉన్నది. గడప దగ్గర కూర్చుని పైకే చదువుతాను.

1997లో ఒంగోలునుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ముఖం చూడగానే పోల్చుకున్నాను. స్నేహితుడు అంతకు రెండేళ్ళ ముందే పోయాడట. పిల్లవాడు ఆటో కొనుక్కోవటానికి బ్యాంకు అప్పు మంజూరైంది, ప్రభుత్వోద్యోగి ఒకరు జామీను ఉండాలన్నారు. "మా నాన్న మీ దగ్గరకు మటుకు వెళ్ళవద్దనేవాడండీ. ఇంకెవరూ ఒప్పుకోలేదు" అన్నాడు తలవంచుకుని.

రేపు చెబుతానని పంపలేదు. మూడు రోజులు కావాలన్నాను. లైసెన్సు చూశాను. రోజుకు ఎంత వస్తుందో, ఆయిలుకెంత పోతుందో ఆటోస్టాండులో నలుగుర్ని అడిగాను. వాడు కట్టకపోతే నేనెంత కట్టవలసివస్తుందో కాగితం మీద వేసి మా ఆవిడ ముందు పెట్టాను. ఆమె ఆ అంకె చూసి, "ఇంత పోయినా మనం తింటామా?" అంది. తింటామన్నాను. "ఐతే మీ ఇష్టం" అంది. ఆ అప్పు తీరిందా అని మీరు అడుగుతారు గనక చెబుతున్నాను: తీరింది. మధ్యలో బండి మూలపడ్డ రెండు నెలలు వాయిదా నేను కట్టాను.

బ్యాంకుకు వెళ్ళిన రోజు సెప్టెంబరు 11. ఉదయం పదకొండో అధ్యాయం పైకి చదివాను. పూటపడినవాడు చెడతాడన్న మాట అందులోనే ఉన్నది. దాటకుండా, నెమ్మదిగా చదివి, తరువాత చొక్కా తొడుక్కున్నాను.

గుమాస్తా కాగితాలు ముందుకు తోసి, "ఇక్కడా, ఇక్కడా పెట్టండి మాష్టారూ" అన్నాడు. నేను కళ్ళజోడు తీసి తుడుచుకుని, పైన వ్రాసి ఉన్నదంతా మొదటి అక్షరంనుంచి చదవటం మొదలుపెట్టాను. వెనక వరుసలో వాళ్ళు విసుక్కున్నారు. గుమాస్తా గడియారం చూసుకున్నాడు. కుర్రాడు గోడకానుకుని నిలబడ్డాడు. రెండు పేజీలూ పూర్తయ్యాక కలం అడిగి పుచ్చుకున్నాను.